వరి పొలంలో గిజిగాడు, చిన్న పందికొక్కు: నష్ట లక్షణాల తులనాత్మక పరిశీలన

వరిలో కంకి నష్టానికి కారణం పక్షులా, ఎలుకలా అన్నది నిర్ధారించకుండా చర్యలు చేపట్టడం తగదు. పొరపాటు నిర్ధారణ వలన ఎలుకల నష్టం కొనసాగడమే కాక, గట్లపై చల్లిన విషపు గింజలు తిని పక్షులు మరణిస్తాయి. గాన పక్షుల వర్గానికి చెందిన గిజిగాడు (ప్లోసియస్ ఫిలిప్పైనస్), బొరియలు త్రవ్వే చిన్న పందికొక్కు (బాండికోటా బెంగాలెన్సిస్) ఇందుకు తగిన ఉదాహరణలు.

జీవన విధానం

గిజిగాడు పగటిపూట గుంపులుగా మేస్తుంది. వర్షాకాలంలో తాటి, ఈత, తుమ్మ చెట్లపై గూళ్లు అల్లి 2-4 గుడ్లు పెడుతుంది. గింజలే దీని ప్రధాన ఆహారమైనప్పటికీ, పిల్లలకు పురుగులను కూడా మేపుతుంది. చిన్న పందికొక్కు రాత్రివేళ సంచరిస్తుంది. గట్లలో బొరియలు త్రవ్వి, ద్వారాలను వదులు మట్టితో మూసి, లోపలి అరలలో కంకులను నిల్వ చేస్తుంది. సుమారు మూడు వారాల గర్భధారణ అనంతరం ఈతకు సగటున 6-8 పిల్లలను కంటుంది.

నష్ట లక్షణాలు

గిజిగాడు పాలు పోసుకొనే దశ నుండి కోత వరకు గింజలను తింటుంది. పిలక నిలిచే ఉంటుంది, కంకిపై ఖాళీ పొట్టు మిగులుతుంది. గూటి కోసం ఆకులను సన్నని పీలికలుగా చీల్చుకుపోవడం మరొక గుర్తు. చిన్న పందికొక్కు నారుమడి నుండి కోత వరకు నష్టపరుస్తుంది. పిలకలను మొదలు వద్ద ఏటవాలుగా కొరుకుతుంది. తరచుగా గట్టు ప్రక్క వరుసలు పచ్చగా ఉండి, మడి మధ్యభాగం ఖాళీ అవుతుంది. కనుక గట్టుపై నుండి చూసి అంచనా వేయరాదు.

యాజమాన్యం

గిజిగాడిని చంపవలసిన అవసరం లేదు. గింజ దశలో మెరుపు రిబ్బన్లు కట్టడం, ఉదయం, సాయంత్రం కాపలా ఉంచడం చాలును.

పందికొక్కు నివారణ పంట పొట్ట దశకు రాకముందే, గ్రామస్థులందరూ ఒకేసారి చేపట్టాలి. గట్లు సన్నగా, తక్కువ ఎత్తులో ఉంచాలి. సాయంత్రం బొరియలన్నిటినీ మూసి, మరునాడు తెరుచుకున్నవాటినే సజీవ బొరియలుగా గుర్తించాలి. 96 భాగాల నూకలు, 2 భాగాల నూనె, 2 భాగాల 0.25 శాతం బ్రోమాడయోలోన్ కలిపిన ఎరను పొట్లాలుగా కట్టి బొరియ లోపల ఉంచి, ద్వారం మూయాలి. చనిపోయిన ఎలుకలను పూడ్చివేయాలి. లేనిచో వాటిని తిన్న గుడ్లగూబలకు ముప్పు కలుగుతుంది.

ముగింపు

పక్షి నష్టం కొద్ది రోజులది, ఎలుక నష్టం పంటకాలమంతటిది. కొరికిన పిలక ఉన్నదా, ఖాళీ పొట్టు ఉన్నదా అని మడి లోపలికి దిగి పరిశీలించిన పిమ్మటనే విస్తరణ శాస్త్రవేత్తలు సిఫారసు చేయడం శ్రేయస్కరం.