కడుపునొప్పి అంటే నమ్మండి

సోమవారం ప్రేయర్‌లో నిలబడినప్పుడే ఆ పాపకు కడుపునొప్పి వచ్చేది. ప్రతిజ్ఞ ముగిసేలోగా పొట్ట పట్టుకుని కూలబడేది. తొమ్మిదో తరగతి. తంబళ్లపల్లె మండలంలో నేను పాఠాలు చెప్పిన ఒక బడిలో, కొన్నేళ్ల కిందటి సంగతి. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేశాడు. మదనపల్లెకు తీసుకుపోయి స్కానింగ్ తీయించారు. "ఏమీ లేదంట సార్. బడి ఎగ్గొట్టేదానికి నాటకాలు" అని వాళ్లమ్మ నా ముందరే పాప నెత్తిన మొట్టింది.

ఒకరోజు లెక్కల పీరియడ్‌లో ఆ పాప కాంపాసు పెట్టె తీస్తుంటే బ్యాగులోంచి మాసిపోయిన గుడ్డసంచి ఒకటి జారిపడింది. ముసలివాళ్లు నడుముకు దోపుకునే వక్కాకు సంచి. పిల్లలు నవ్వారు. ఆ పాప మాత్రం గబుక్కున దాన్ని అందుకుని గుండెకు అదుముకుంది. బడి వదిలాక మెల్లిగా అడిగితే చెప్పింది. నాయన కువైట్‌లో ఉన్నాడు. అమ్మ చీకటితోనే టమోటా కోతకు పోతుంది. ఊహ తెలిసినప్పటినుంచి అవ్వ పక్కలో పడుకున్న పిల్ల. అవ్వ పోయి రెండు నెలలైంది. "కండ్లు మూసుకుంటే అమ్మ గూడా చచ్చిపోతాదేమో అనిపిస్తాది సార్. నిద్ర రాదు" అంది. ఈ మాట ఇంట్లో చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు.

స్కానింగ్‌లో ఏమీ కనబడకపోవడం నిజం. ఆ పాపకు నొప్పి పుట్టడమూ అంతే నిజం. భయం, దిగులు మనసులో నిండినప్పుడు ఒళ్లు ఊరికే ఉండదు. గుండె దడదడలాడుతుంది, పేగులు మెలిపెడతాయి, తల పగిలిపోతుంది. "నాకు దిగులుగా ఉంది" అని చెప్పడానికి పిల్లల దగ్గర మాటలుండవు. పెద్దవాళ్లం మనకే ఉండవు. అందుకని వాళ్ల ఒళ్లు ఆ మాట చెబుతుంది. పిల్ల కడుపునొప్పి అన్నప్పుడు ముందు ఒంటికి పరీక్ష చేయించండి, తప్పకుండా చేయించాలి. రిపోర్టులో ఏమీ లేదని వచ్చాక "నాటకాలు" అనకండి. అప్పుడే అసలు సంగతి అడగాల్సిన సమయం వచ్చిందని అనుకోండి.

మగపిల్లల్లో ఈ దిగులు ఇంకోలా బయటపడుతుంది. ఎదురు మాట్లాడతారు, వస్తువులు విసిరికొడతారు, బడికని బయలుదేరి ఎక్కడో చెట్టు కింద కూర్చుని సాయంత్రానికి ఇల్లు చేరతారు. మనం దాన్ని పొగరు అంటాం. కొన్నిసార్లు పొగరే కావచ్చు, ఆ వయసుకు అది సహజం. అయితే రెండు మూడు వారాలు దాటినా నిద్ర, తిండి, స్నేహాలు, చదువు మునుపటిలా లేకపోతే, ఎంతో ఇష్టమైన ఆట కూడా వద్దంటే, అది వయసు పొగరు కాదు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై మంది కూర్చునే మన బడి తరగతి గదిలో ముగ్గురన్నమాట. నేను పాఠం చెప్పిన ఏళ్లన్నిటిలో ఎన్ని ముగ్గుర్లను చూడకుండా దాటేశానో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

అడగడం ఎలా అంటారా? ఎదురుగా కూర్చోబెట్టి "ఏందిరా నీ బాధ, చెప్పు" అంటే ఏ పిల్లాడూ చెప్పడు. అది పోలీసు విచారణలా ఉంటుంది. పక్కపక్కన ఉన్నప్పుడు మాట్లాడించండి. టమోటాలు బాక్సులకు సర్దేటప్పుడు, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని పోయేటప్పుడు, రాత్రి దీపం ఆర్పి పడుకున్నాక. కళ్లలోకి చూడాల్సిన పని లేనప్పుడే మాట బయటికొస్తుంది. వచ్చిన మాటకు వెంటనే బుద్ధులు చెప్పకండి. "మా కాలంలో మేం ఎంత కష్టపడ్డామో" అన్న మాట ఎంత నిజమైనా ఆ పూటకు మింగేయండి. "అట్నా, ఇంకా?" అంటే చాలు. కువైట్ నుంచి ఫోను చేసే నాయనలకూ ఇదే మనవి. మార్కులు అడిగే ముందు, రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి.

ఇక ఎవరూ పైకి అనని భయం ఒకటుంది. ఊళ్లో తెలిస్తే "పిచ్చి" అంటారని, రేపు ఆడపిల్లకు సంబంధం కుదరదని. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరాన్ని గుర్తుచేస్తాను. 1915లో అక్కడ క్షయ ఆసుపత్రి తెరిచిన రోజుల్లో ఆ జబ్బు పేరు పలకడానికే జనం భయపడేవాళ్లు. రోగి కంచం వేరు, చాప వేరు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టరు ఆ కొండల మధ్య ఏళ్ల తరబడి పనిచేశాడు. 1948లో దేశంలో క్షయకు బీసీజీ టీకాలు మొదలైంది మదనపల్లెలోనే. ఇవాళ పుట్టిన బిడ్డకు ఆ టీకా వేయిస్తుంటే ఏ తల్లీ సిగ్గుపడదు. దాచుకునే జబ్బును వైద్యం చేయించుకునే జబ్బుగా మార్చుకున్న ప్రాంతం మనది. మనసు జబ్బులకు కూడా ఆ పని మనం చేయగలం.

గాలి సోకిందని అంత్రం కట్టిస్తారు, మల్లయ్యకొండకు మొక్కుకుంటారు. కొండెక్కండి, స్వామికి దండం పెట్టుకోండి. నేనూ శివరాత్రికి పోతాను. పిల్లను కొట్టమనే, పస్తులుంచమనే, పొగ పట్టమనే మనిషి దగ్గరికి మాత్రం పోకండి. కొండ దిగాక ఆసుపత్రికి పోయే బస్సు కూడా ఎక్కండి. జ్వరం వస్తే రెండూ చేస్తాం కదా.

ఆసుపత్రి అనగానే గొలుసులు, కరెంటు షాకులు కళ్లముందు కదులుతాయి. సినిమాలు చేసిన అన్యాయం అది. పిల్లల విషయంలో చాలావరకు జరిగేది మాటే. డాక్టరో సైకాలజిస్టో పిల్లతో విడిగా మాట్లాడతారు, బొమ్మలు గీయిస్తారు, తల్లిదండ్రులతోనూ కూర్చుంటారు. అవసరమైతేనే మందు రాస్తారు. దిగులుకు ఇచ్చే మందు పారాసెటమాల్‌లా సాయంత్రానికి పనిచేయదు, రెండు మూడు వారాలు పట్టొచ్చు. బాగుందనిపించగానే సొంతంగా ఆపేయకూడదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో, కుప్పం పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకూ ఎదిగే వయసువాళ్లకూ ప్రత్యేక విభాగమే ఉంది. పుంగనూరు, మదనపల్లె వాళ్లకు టమోటా లారీల దారే కాబట్టి బెంగళూరు కొత్త ఊరేమీ కాదు. అంత దూరం పోయే ముందు 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పుడు చెప్పబోయేది చదవడానికి కష్టంగా ఉంటుంది, అయినా దాటేయకండి. పిల్ల "నేను లేకపోతే మీకే నిమ్మళం" లాంటి మాట అంటే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?" అని నేరుగా, నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే చాలామంది పిల్లలు ఏడుస్తారు, ఆ ఏడుపులో బరువు దిగుతుంది. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, తెల్లారగానే డాక్టరు దగ్గరికి పోండి. పరిస్థితి చేయి దాటేలా ఉంటే తెల్లారేదాకా కూడా ఆగొద్దు, వెంటనే 108కి ఫోను చేయండి. ఇంకో మాట. మన ఇళ్లలో టమోటాకు కొట్టే పురుగుమందు డబ్బాలు వసారాలోనో మంచం కిందో పడి ఉంటాయి. ఇంట్లో ఎవరికి బాగున్నా బాగాలేకపోయినా ఈరోజే వాటిని పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఒక్క ఘడియ ఆవేశం దాటిపోతే బతికే ప్రాణాలు ఎన్నో ఉన్నాయి.

పదో తరగతి అయిపోగానే పిల్లల్ని దూరపు కాలేజీ హాస్టళ్లకు పంపే తల్లిదండ్రులు అడ్మిషన్ రోజున ఫీజుతో పాటు ఇంకొకటి అడగాలి. ఇక్కడ కౌన్సెలర్ ఎవరు, పిల్లలు ఎప్పుడు కలవొచ్చు? 2023 జులైలో విశాఖలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ కన్నతండ్రి సుప్రీంకోర్టుదాకా పోయాడు. 2025 జులై 25న కోర్టు తీర్పు చెబుతూ, వందమంది, అంతకు మించి పిల్లలున్న చదువుల చోటల్లా శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలని, వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదని ఆదేశించింది. మీరు అడిగేది దయ కాదు, కోర్టు ఇచ్చిన హక్కు.

పిల్లను పక్కింటి పిల్లతో పోల్చే ముందు ఒక్కసారి మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని తలుచుకోండి. పదేళ్లకే తల్లిని పోగొట్టుకున్న పిల్లాడు. బడిలో పరధ్యానంగా కూర్చుంటాడని, మందబుద్ధి అని దెబ్బలు తిన్నాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక ప్రపంచం చెవొగ్గి విన్న తత్వవేత్త అయ్యాడు.

ఆ పాప సంగతి చెప్పలేదు కదూ. వాళ్లమ్మను పిలిచి వక్కాకు సంచి గురించి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అది పోయిందని నేను ఇల్లంతా వెతికినా సార్" అంది చివరికి. అత్త పోయాక తను కూడా ఏడవలేదట, పనుల్లో పడి. ఇద్దరూ కలిసి తిరుపతికి నాలుగైదుసార్లు పోయొచ్చారు. బస్సులో ఎవరన్నా అడిగితే "కడుపునొప్పికి చూపిస్తాండాం" అని చెప్పేదట. మరుసటి ఏడు పక్క ఊరి నుంచి ఒకామె కొడుకును వెంటబెట్టుకుని బడికి వచ్చింది. వాడు మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. నా పేరు ఎవరు చెప్పారని అడిగితే, ఆ పాప వాళ్లమ్మే చెప్పిందంట. డాక్టరు నంబరు కూడా చీటీ మీద రాసిచ్చింది.