చివరి యూనిట్ ఖరీదెంత?

కరెంటు బిల్లు రాగానే అందరూ చివరి మొత్తాన్నే చూస్తారు. ఈసారి ఆ మొత్తం ఎలా వచ్చిందో చూద్దాం.

వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుచ్ఛక్తిని ఒక యూనిట్ అంటారు. అన్ని యూనిట్లకూ ధర ఒకటేనా? కాదు! ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు 2022లో ప్రకటించిన ధరలు చూడండి. నెలలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ ధర రూ. 1.90. ఆపైన 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6.

సాలూరులో ఒక ఇల్లు నెలకు 150 యూనిట్లు వాడుతుందనుకుందాం.

30 × 1.90 = 57
45 × 3 = 135
50 × 4.50 = 225
25 × 6 = 150
మొత్తం: 567 రూపాయలు

స్థిర చార్జీలు, సుంకం వగైరా దీనికి అదనం.

ఆ ఇంట్లో 30 యూనిట్లు తగ్గించారనుకోండి. 120 యూనిట్లకు అయ్యేది రూ. 394.50. వాడకం నూటికి 20 తగ్గితే, సొమ్ము నూటికి 30 తగ్గింది! ఎందుకు? తగ్గినవి మొదటి చౌక యూనిట్లు కావు, చివరి ఖరీదైన యూనిట్లు.

రోజుకు ఒక యూనిట్ తగ్గించడం కష్టమా? 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండింటి బదులు 30 వాట్ల కొత్తరకం ఫ్యాన్లు రోజూ 11 గంటలు తిరిగితే చాలు.

ఇక సూర్యుడి సంగతి. సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కితే ఆ కొండల ప్రాంతంలోనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. 1955లో మొదలైంది. నీటిని ఆవిరిచేసి, కొండలమీద వానగా కురిపించేది సూర్యుడే గదా! అంటే అదీ ఒకవిధంగా సౌరశక్తే. ఇంటికప్పు మీది సౌర ఫలకం ఎండనే నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది.

ఒక కిలోవాట్ ఫలకాలు మంచి ఎండలో రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి. మబ్బు రోజులు కలుపుకొని నెలకు 100 అనుకుందాం. మన 150 యూనిట్ల ఇంటికి 50 యూనిట్ల బిల్లే మిగులుతుంది. 450 రూపాయలు ఆదా! కాని 60 యూనిట్లే వాడే పేద ఇంట్లో తగ్గించడానికి ఉన్నదే 147 రూపాయలు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కిలోవాట్‌కు 30,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. మిగతా ఖర్చు ఏ ఇంటికి త్వరగా తిరిగివస్తుందో మీరే చెప్పండి. ఒకే ఎండ, ఒకే ఫలకం. లాభం మాత్రం ఒకటి కాదు.

చేసి చూడండి: ఈరోజు, రేపు ఒకే సమయానికి మీ ఇంటి మీటరు అంకెలు రాసుకోండి. తేడాను 30తో గుణించండి. మీ ఇంటి చివరి యూనిట్ ఏ ధరలో పడుతోంది?