ఉభయసభలు

తెనాలి, బాపట్ల, రేపల్లె కృష్ణా డెల్టాలోని ఇరుగుపొరుగు పట్టణాలు. అయినను లోక్‌సభ ఎన్నికలలో తెనాలి ఓటరు గుంటూరు స్థానానికి, బాపట్ల, రేపల్లె ఓటర్లు బాపట్ల స్థానానికి ఓటు వేస్తారు. ఒకప్పుడు తెనాలి పేరనే లోక్‌సభ స్థానం ఉండేది. 2008 నాటి పునర్విభజనలో అది రద్దయింది. బాపట్ల స్థానం షెడ్యూల్డు కులాలకు కేటాయింపబడింది. నాడు హద్దులు మారినవే గాని రాష్ట్రానికి గల స్థానాల సంఖ్య మారలేదు. ఆ సంఖ్యకు ఆధారం 1971 జనాభా లెక్కలు.

మన రాజ్యాంగం 79వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి, రాజ్యసభ, లోక్‌సభ కలిసినదే పార్లమెంటు. లోక్‌సభలోని 543 స్థానాలకు ప్రజలే నేరుగా ప్రతినిధులను ఎన్నుకొంటారు. వీటిలో ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17. సభ గడువు అయిదేండ్లు.

రాజ్యసభ తీరు వేరు. దాని 245 స్థానాలలో 233 స్థానాలకు శాసనసభ్యులు ప్రతినిధులను ఎన్నుకొంటారు. ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 స్థానాలు ఉన్నాయి. మిగిలిన 12 మందిని సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సమాజసేవ రంగాల నుండి రాష్ట్రపతి నియమిస్తారు. 1997లో డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు ఈ విధంగానే సభ్యులైనారు. ఈ సభకు రద్దు లేదు. సభ్యుని పదవీకాలం ఆరేండ్లు. రెండేండ్లకొకసారి మూడవవంతు మంది విరమిస్తారు.

రాజ్యసభ ఎన్నికలో రాష్ట్రమంతా ఒకే క్షేత్రం. 175 మంది శాసనసభ్యులు ముగ్గురిని ఎన్నుకొనవలసి వచ్చి, అందరూ ఓటు వేసినప్పుడు, 44 మంది మొదటి ప్రాధాన్యపు ఓట్లు పొందినవారి గెలుపు ఖాయం. లోక్‌సభ హద్దు విడదీసిన తెనాలి, రేపల్లెల శాసనసభ్యులు ఇక్కడ ఒకే ఎన్నికలో పాల్గొంటారు.

రెండవ సభ ఎందుకు? కాలువకు లాకు ఎందుకో అందుకే. లాకు నీటిని నిలిపి, మట్టం సరిచూసి వదలుతుంది. రాజ్యసభ కూడ బిల్లును నిలిపి పరిశీలిస్తుంది. ద్రవ్య బిల్లును మాత్రం పద్నాలుగు రోజులలో తిరిగి పంపవలెను. దాని సూచనలను లోక్‌సభ అంగీకరించవచ్చు, త్రోసిపుచ్చవచ్చు. ఇతర సాధారణ బిల్లులపై సభలు విభేదిస్తే సంయుక్త సమావేశం జరుపవచ్చు. 1961లో వరకట్న నిషేధ బిల్లు ఆ విధంగానే ఆమోదం పొందింది.

నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా గారు 1952లో రాజ్యసభలో ప్రవేశించారు. 1957లో తెనాలి నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. ఒకే వ్యక్తి రెండు త్రోవల ఢిల్లీ చేరిన ఉదాహరణ మన ముంగిటనే ఉన్నది.

విద్యార్థులారా! పద్దెనిమిదేండ్లు నిండిన మీకు త్వరలో ఓటుహక్కు వస్తుంది. శాసనసభ ఎన్నికనాడు ఇంట కూర్చున్నవాడు తన ఊరి ప్రతినిధిని ఎన్నుకొనే హక్కునే కాదు, రాజ్యసభ కూర్పులో తన వంతును కూడ వదులుకొన్నవాడే. ఒక్క ఓటుకు ఇంత దూరపు ప్రయాణం ఉన్నదని మరువకండి.

అర్థాలు
ఉభయ = రెండు
అధికరణం = రాజ్యాంగంలోని నిబంధన
విరమించు = పదవి నుండి తప్పుకొను

ప్రశ్నలు
1. లోక్‌సభ, రాజ్యసభల నిర్మాణంలోని భేదాలను వివరించండి.
2. రాజ్యసభను రచయిత లాకుతో ఎందుకు పోల్చారు?
3. శాసనసభ ఎన్నికలో వేసిన ఓటు ఢిల్లీ దాకా ఎట్లు చేరుతుంది?