పాత క్యాంపింగ్ స్టవ్వులు: సేకరణ, ప్రదర్శన



పాత క్యాంపింగ్ స్టవ్వుల సేకరణ అంటే ముందుగా ఇత్తడి కిరసనాయిలు స్టవ్వుల సేకరణే. వీటి పుట్టిల్లు స్వీడన్. రంగు గీకడానికి, లోహాన్ని కాల్చడానికి వాడే బ్లోలాంపులను స్టాక్‌హోమ్ పరిసరాల్లో కార్ల్ రిచర్డ్ నైబర్గ్ తయారుచేసేవాడు. అదే సూత్రాన్ని వంటకు మళ్లించి ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో మసి పట్టని స్టవ్వు తెచ్చాడు. దాని పేరు ప్రైమస్. నాన్సెన్ 1893–96 మధ్య ఉత్తరధ్రువ యాత్రకు దాన్ని పట్టుకెళ్లాడు. 1911లో దక్షిణధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం వంట కూడా ప్రైమస్ మీదే. 1916లో ధ్రువ యాత్రికుడు షాకల్టన్, అతని మనుషులు చిన్న పడవలో సౌత్ జార్జియా దీవికి వెళ్లినప్పుడు అలల మధ్య దాన్ని కదలకుండా పట్టుకుని గంజి కాచుకున్నారు. చేతిలో పట్టేంత ఇత్తడి డబ్బాకు ఇంత చరిత్ర ఉండటమే సేకర్తలను ఆకట్టుకునే మొదటి సంగతి.

పనితీరు తెలియకుండా స్టవ్వులు కొనడం దండగ. ఈ స్టవ్వుకు వత్తి ఉండదు. పంపు కొడితే ట్యాంకులో గాలి ఒత్తిడి పెరిగి కిరసనాయిలును గొట్టం గుండా పైకి నెడుతుంది. బర్నర్ కింద చుట్టూ ఉన్న చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగిస్తే బర్నర్ గొట్టాలు కాలుతాయి. పైకి వచ్చిన నూనె అక్కడ ఆవిరై, నిప్పిల్ సన్న రంధ్రంలోంచి వేగంగా చిమ్మి, గాలితో కలిసి నీలి మంటగా మండుతుంది. ఆ మంట వేడికే తర్వాత వచ్చే నూనె ఆవిరవుతుంటుంది కాబట్టి స్పిరిట్ ఒక్కసారే కావాలి. బర్నర్ చాలినంత కాలకపోతే నూనె ఆవిరి కాకుండానే బయటికి వచ్చి పసుపు మంట ఎగుస్తుంది. ట్యాంకు మూత దగ్గరి గాలి మర వదిలితే ఒత్తిడి పోయి స్టవ్వు ఆరిపోతుంది. బర్నర్లు రెండు రకాలు. ఆవిరి ఒక పలకను ఢీకొని హోరుమనేది ఒకటి, బోలెడు సన్న రంధ్రాల్లోంచి మంటను పంచి చప్పుడు లేకుండా మండే సైలెంట్ బర్నర్ ఇంకొకటి. క్యాంపింగుకు హోరు రకమే మేలు. గాలికి తట్టుకుంటుంది, భాగాలు తక్కువ, బాగుచేయడం తేలిక.

తెలుగు ఇళ్లలో గ్యాసు రాకముందు వాడిన పంపు స్టవ్వు ఈ వంశానిదే. నిప్పిల్ పూడుకుపోతే గుచ్చే స్టవ్వు పిన్ను, తోలు వాషరు ఎండిపోతే పంపు పట్టకపోవడం, స్పిరిట్ బదులు కిరసనాయిలే పోసి వెలిగిస్తే వంటింటి గోడకు మసి పట్టడం ఆ తరం గృహిణులకు బాగా తెలిసిన విషయాలు. దీనికి చేదు పార్శ్వం కూడా ఉంది. 1980లలో ‘స్టవ్వు పేలి మృతి’ అనే వార్త పత్రికల్లో తరచూ కనిపించేది. అందులో కొన్ని నిజమైన ప్రమాదాలు, కొన్ని ఆ మాట చాటున దాగిన కట్నపు హత్యలు. అందువల్ల హాల్లో పంపు స్టవ్వు పెడతానంటే ఇంట్లో పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తే దాన్ని చాదస్తం అనుకోకూడదు.

సేకరణను తయారీదారుల పేర్లతో మొదలుపెడితే కొనుగోళ్లకు అంతుండదు. ప్రైమస్, ఆప్టిమస్, రేడియస్, స్వియా అంటూ స్వీడన్ ఒక్కటే అర గది నింపగలదు. పనిచేసే పద్ధతిని బట్టి ఎంచుకోవడం తెలివైన పని: ఒక్కో పద్ధతికి ఒకటో రెండో చాలు. కిరసనాయిలు రకంలో ప్రైమస్ 96 మంచి ఆరంభం. కాళ్లు, బర్నర్ విడదీస్తే చిన్న రేకు డబ్బాలో ఇమిడిపోతుంది, విప్పి బిగించడంలోనే యంత్రం మొత్తం అర్థమవుతుంది. పెట్రోలు రకంలో 1955లో వచ్చిన స్వియా 123 తప్పనిసరి. దానికి పంపే ఉండదు. బర్నర్ వేడికి ట్యాంకు వెచ్చబడి దానంతటదే ఒత్తిడి పుడుతుంది. పైన బోర్లించే మూత గిన్నెగా పనికొస్తుంది. అదే సూత్రాన్ని నీలం రేకు పెట్టెలో అమర్చినది ఆప్టిమస్ 8ఆర్. అమెరికా వైపు చూస్తే 1942లో కోల్‌మన్ కంపెనీ సైన్యం కోసం చేసిన 520 ఉంది. సైన్యం పెట్టిన షరతులు గట్టివి: థర్మాస్ సీసా కంటే పెద్దది కాకూడదు, దొరికిన ఏ ఇంధనంతోనైనా మండాలి, మైనస్ 60 నుంచి 125 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా పనిచేయాలి. యుద్ధ విలేకరి ఎర్నీ పైల్ దాన్ని జీపుతో పాటు మెచ్చుకున్నాడు. స్పిరిట్ రకానికి స్వీడన్‌వారి ట్రాంజియా, గ్యాసు డబ్బా రకానికి 1949లో ఫ్రాన్స్‌లో మొదలైన క్యాంపింగ్ గ్యాజ్ చేర్చితే అల్మారాకు ఒక క్రమం వస్తుంది. ఆ క్రమం లేకుండా ముప్పై స్టవ్వులు వరుసగా పెడితే పాత సామాన్ల కొట్టులానే ఉంటుంది.

కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. చూడవలసినది అడుగుభాగం. ప్రైమస్ కంపెనీ 1911 నుంచి ‘ఏ’తో మొదలుపెట్టి ఏడాదికో అక్షరం ట్యాంకు మీద ముద్రించింది. కోల్‌మన్ స్టవ్వులు చాలావాటికి తయారైన కాలం అడుగునే ఉంటుంది. ముద్ర అరిగిపోయిన స్టవ్వు ఎంత తళతళలాడినా సగం విలువ పోయినట్టే. తర్వాత ట్యాంకు మెడ, అతుకులు, కాళ్ల మొదళ్లు వేలితో తడిమి పగుళ్లు చూడాలి. బర్నరు, మూత, పంపు వేర్వేరు మోడళ్లవి కలిపి బిగించినవి బజారులో కొల్లలు. అవి పనిచేయవచ్చు గానీ సేకరణకు పనికిరావు. పాత వస్తువుల కోసం హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత తిరగవచ్చు. అక్కడ ఎక్కువగా తగిలేవి వంటింటి పంపు స్టవ్వులే. క్యాంపింగ్ మోడళ్లు అరుదు. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువాళ్లకు ఇవి గరాజ్ సేళ్లలో, కారు బూటు సంతల్లో సులువుగా దొరుకుతాయి. ఇండియాకు తెచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒకసారి ద్రవ ఇంధనం పోసిన స్టవ్వును విమానంలో తేవాలంటే విమాన సంస్థ అనుమతి కావాలి. ట్యాంకును కనీసం గంటసేపు పూర్తిగా వార్చి, మూత తీసి కనీసం ఆరు గంటలు ఆరనివ్వాలనేది అంతర్జాతీయ నిబంధన. వాసన కొడుతున్న స్టవ్వు పెట్టెలో ఉంటే విమానాశ్రయంలోనే వదిలేసి రావలసి ఉంటుంది.

ఇంటికి వచ్చిన స్టవ్వును వెంటనే తోమడం మొదలుపెట్టకూడదు. ముందు ట్యాంకులో మిగిలిన నూనె వార్చేయాలి. పాత పెట్రోలు స్టవ్వయితే అందులో సీసం కలిసిన ఇంధనపు మడ్డి ఉండవచ్చు కనుక చేతులకు తొడుగులు అవసరం. కొన్ని పాత స్టవ్వుల్లో స్పిరిట్ గిన్నెలోనూ, మరల చుట్టూనూ ఆస్బెస్టాస్ కూరి ఉంటుంది. తెల్లగా పీచుపీచుగా కనిపిస్తే దాన్ని గీకకుండా, ఊదకుండా అలాగే వదిలేయడం మంచిది. పంపు తోలు వాషరును కుట్టుమిషన్ నూనెలో నానబెడితే చాలాసార్లు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. పగుళ్ల పరీక్ష కూడా తేలికే. ఖాళీ ట్యాంకును బిగించి, నిప్పిల్ మూసి, కొద్దిగా గాలి కొట్టి, బకెట్ నీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడ వస్తే అక్కడే లోపం.

ఇత్తడి సంగతి కొంచెం విడమరచి చెప్పవలసినది. చింతపండు, నిమ్మకాయ దేవుడి సామానుకు సరిపోతాయి, ప్రదర్శన వస్తువుకు సరిపోవు. పులుపు ఎక్కువసేపు ఉంటే ఇత్తడి పైపొరలో జింకు కరిగి గులాబీ రంగు మచ్చలు తేలుతాయి. అంతకంటే ప్రమాదకరం అమ్మోనియా ఉండే పాలిష్‌లు. బ్రిటిష్ సైన్యం ఇండియాలో వానాకాలంలో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వాటంతటవే చీలిపోయేవి. గుర్రపుశాలల్లో మూత్రం నుంచి పుట్టిన అమ్మోనియా, తేమ, అచ్చులో సాగదీసినప్పుడు లోహంలో మిగిలిన బిగువు కలిసి ఆ పని చేశాయని 1921లో లోహ శాస్త్రజ్ఞులు తేల్చారు. స్టవ్వు ట్యాంకు కూడా అదే పద్ధతిలో సాగదీసి చేసిన ఇత్తడి. అందుకే పాత ట్యాంకుల మెడ దగ్గర, అతుకుల పక్కన సన్న చీలికలు కనిపిస్తుంటాయి. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ, పూర్తిగా ఆరాక పలచని మైనపు పూత చాలు. ఏళ్ల మీద వచ్చిన గోధుమ రంగును తీసేయాలా అన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్న అంటారు గానీ, ముద్ర మీదుగా ప్రతి పండక్కీ తోమడం మాత్రం కచ్చితంగా తప్పు.

ప్రదర్శనకు అద్దాల తలుపుల అల్మారా ఉత్తమం. తలుపులు లేని అరల్లో దుమ్ము, వంటింటి నూనె జిడ్డు కలిసి ఇత్తడిని నల్లబరుస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది; అక్కడ అల్మారాలో సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడాలి. కొత్త ప్లైవుడ్, ఎండీఎఫ్ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరులు స్టవ్వులోని సీసపు వాషర్లను తెల్లని పొడిగా మార్చగలవు, కాబట్టి రేకు అల్మారా గానీ పాత టేకు బీరువా గానీ నయం. అసలు అట్టపెట్టె, సూచనల కాగితం దొరికితే వాటిని నేరుగా ఎండ తగలని చోట ఉంచాలి. స్టవ్వు కంటే అవే అరుదు. ఒక స్టవ్వును విప్పి పంపు కడ్డీ, తోలు వాషరు, అడుగున ఉండే కవాటం, నిప్పిల్, బర్నర్ వరుసగా పేర్చి చూపితే చూడవచ్చిన పిల్లలకు పది స్టవ్వుల కంటే అది ఎక్కువ నేర్పుతుంది. లైట్ల కోసం పెద్దగా ఖర్చు పెట్టనక్కర్లేదు. స్టవ్వుల బరువు మోయాలి కనుక అద్దపు అర మందం మాత్రం చూసుకోవాలి.

వెలిగించడం వేరు, ప్రదర్శించడం వేరు. అల్మారాలో ఉన్న స్టవ్వు ట్యాంకులో ఒక్క చుక్క ఇంధనం కూడా ఉండకూడదు, మూత వదులుగా ఉండాలి. వెలిగించి చూపించాలనుకుంటే మేడ మీదో పెరట్లోనో, నేల చదునుగా ఉన్నచోట, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని వెలిగించాలి. మూసిన గదిలో వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. అది వాసన రాని విషం. కిరసనాయిలు స్టవ్వులో పెట్రోలు పోయకూడదు, పొరపాటున కూడా. పెట్రోలు తక్కువ వేడికే ఆవిరై ట్యాంకులో ఒత్తిడిని అదుపు తప్పిస్తుంది. పంపు స్టవ్వులు పేలడానికి కల్తీ కిరసనాయిలు ఒక ముఖ్య కారణం. స్వియా లాంటి పెట్రోలు స్టవ్వు మూతలో ఒత్తిడి పెరిగితే తెరుచుకునే కవాటం ఉంటుంది. దాని రబ్బరు పాతబడితే ముందే తెరుచుకుని మంటలు ఎగజిమ్ముతుంది. ఆ రబ్బరు మార్చకుండా వెలిగించకూడదు. మండుతున్న స్టవ్వులో నూనె పోయకూడదని చెప్పనక్కర్లేదు గానీ, ఆరిపోయి ఇంకా వేడిగా ఉన్నదానిలోనూ పోయకూడదు.

ప్రతి స్టవ్వుకు ఒక పుస్తకంలో ఒక పేజీ కేటాయించాలి: తయారీదారు, మోడల్, ముద్రలోని సంవత్సరం, ఎక్కడ ఎంతకు కొన్నది, ఏ భాగం మార్చినది, ఎప్పుడు పరీక్షించినది. మార్చి తీసేసిన పాత వాషరును కూడా చిన్న కవరులో వేసి ఆ పేజీకే అతికించాలి. తర్వాత ఎవరి చేతికి వెళ్లినా ఏది అసలుదో ఏది కొత్తదో వాళ్లకు తెలియాలి. ఈ పని సగంమంది సేకర్తలు చేయరు.

మొదటి స్టవ్వుకు డబ్బు పెట్టే ముందు అమ్మమ్మల, నాయనమ్మల ఇళ్ల అటకలు ఒకసారి వెతకాలి. అక్కడ పంపు స్టవ్వు దొరికితే తుక్కుకు వేయనివ్వకుండా, తోమకుండా, ముందు దాన్ని తిరగేసి అడుగున ఏం రాసుందో చూడాలి.