చెప్పుల స్టాండు టోకెను, బ్యాంకు కుకీ

పిల్లలూ! కుకీ అంటే మీకందరికీ తెలుసు. పాలలో ముంచుకుని తింటారు. కానీ మీ ఇంట్లోని కంప్యూటరు కూడా రోజూ కుకీలు పుచ్చుకుంటుంది. అవి తినేవి కావు. వాటి సంగతి సరిగా తెలియక ఒక చలికాలం రాత్రి నేను పడ్డ తిప్పలు ముందు చెబుతాను. తరువాత పాఠంలోకి వెళదాం. పెద్దలు కూడా పిల్లల పక్కన కూర్చుని చదవాలని మనవి.

మా ఇంట్లో జరిగిన కథ

రాత్రి తొమ్మిది గంటలైంది. ఇక్కడ నార్త్ యార్క్‌లో కిటికీ బయట మంచు కురుస్తోంది. గుంటూరులో అప్పటికి మరునాడు ఉదయం ఏడున్నర. తమ్ముడు ఫోను చేశాడు. "అన్నయ్యా, అమ్మ మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగిందట. ఆపరేషనుకు ముందుగా డబ్బు కట్టమంటున్నారు. నా దగ్గర సగమే ఉంది" అన్నాడు.

మన దేశంలోని బ్యాంకులో నాకు ఖాతా ఉంది, అందులో డబ్బూ ఉంది. ఇంటర్నెట్‌లో పంపితే నిమిషాల్లో తమ్ముడికి అందుతుంది. గబగబా కంప్యూటరు ముందు కూర్చున్నాను. పేరు, పాస్‌వర్డు కొట్టాను. లోపలికి వెళ్ళకుండా మళ్ళీ అదే మొదటి పేజీ వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే పేజీ! పాస్‌వర్డు మరిచిపోయానేమోనని చెమటలు పట్టాయి. ఇంకో రెండుసార్లు తప్పు కొడితే ఖాతాకే తాళం పడుతుందని భయం వేసింది.

ఏడో గ్రేడు చదివే మా అమ్మాయి వెనకనుంచి చూస్తోంది. "నాన్నా, మొన్న నువ్వు కుకీలన్నీ ఆపేశావు కదా?" అంది.

నిజమే. రెండు రోజుల ముందు ఫోనులో ఎవరో పంపిన సందేశం చదివాను. కుకీలు మీ డబ్బు దొంగిలిస్తాయి, వెంటనే ఆపేయండి అని అందులో ఉంది. అది నమ్మి, మంచీ చెడూ చూడకుండా బ్రౌజరులో అన్నిటికీ తలుపు మూసేశాను. మా అమ్మాయి ఆ సెట్టింగు మార్చింది. ఈసారి బ్యాంకు తలుపు తెరుచుకుంది. డబ్బు వెళ్ళింది, ఆపరేషను జరిగింది. మా అమ్మ ఇప్పుడు చేతికర్ర పట్టుకుని పెరట్లో తిరుగుతోంది.

ఆ రాత్రి నేను నేర్చుకున్నదే ఈ పాఠం.

కుకీ అంటే ఏమిటి?

మీరు సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు గుడి ముందు చెప్పుల స్టాండు చూసే ఉంటారు. చెప్పులు ఇస్తే అతను ఒక టోకెను ఇస్తాడు. వందలమంది వచ్చిపోయే చోట అతనికి మీ ముఖం గుర్తుండదు. టోకెను మీద ఉన్న అంకె చూసి చెప్పులు ఇస్తాడు.

వెబ్‌సైటుకు కూడా అలాంటి మతిమరుపే. మీరు ఒక పేజీ చూసి రెండో పేజీ అడిగేసరికి, మొదట అడిగింది మీరేనని దానికి తెలియదు. అందుకని వెబ్‌సైటు మీ బ్రౌజరుకు ఒక చిన్న చీటీ ఇస్తుంది. బ్రౌజరు దాన్ని దాచి, మీరు ఆ సైటుకు వెళ్ళిన ప్రతిసారీ చూపిస్తుంది. ఆ చీటీయే కుకీ. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మోంటుల్లి అనే ఇంజనీరు దీన్ని కనిపెట్టాడు. ఇంటర్నెట్ దుకాణంలో కొనబోయే వస్తువులను గుర్తుంచుకోవడం అప్పటి అవసరాల్లో ఒకటి.

నేను టోకెను పుచ్చుకోనని పట్టుబట్టాను. బ్యాంకు నన్ను లోపలికి పంపి టోకెను ఇవ్వబోయింది, నా బ్రౌజరు పారేసింది. మరుక్షణం బ్యాంకు నన్ను మరిచిపోయి మళ్ళీ గుమ్మం దగ్గర నిలబెట్టింది. అంతే జరిగింది!

కుకీల్లో రకాలు

ఒక్కపూట కుకీ: బ్యాంకులో పని అయ్యేదాకా ఉండేది. లాగౌట్ చేస్తే ఇక చెల్లదు.

నిలవ కుకీ: ఆవకాయలా చాలాకాలం నిలవ ఉండేది. ఇది పాత కంప్యూటరే అని బ్యాంకు గుర్తుపట్టడానికి ఇలాంటివి పనికొస్తాయి. కుకీలన్నీ తుడిచేస్తే బ్యాంకు మీ కంప్యూటరును కొత్తదనుకుని ఫోనుకు మళ్ళీ కోడు పంపవచ్చు. ఆ కోడు ఇండియా నంబరుకు వస్తుంటే, ఆ సిమ్ము పనిచేస్తోందో లేదో చూసుకున్న తరువాతే తుడవండి.

సొంత కుకీ: మీరు వెళ్ళిన సైటే ఇచ్చేది. బ్యాంకు పనికి ముఖ్యంగా కావలసింది ఇదే.

పరాయి కుకీ: మీరు చూస్తున్న పేజీలో ప్రకటన పెట్టిన వేరే కంపెనీ ఇచ్చేది. తిరునాళ్ళలో మీరు బొమ్మల కొట్టు, గాజుల కొట్టు, మిఠాయి కొట్టు తిరుగుతుంటే, ఒకాయన ప్రతి కొట్టులోనూ కూర్చుని మీరు ఏం చూశారో రాసుకుంటే ఎలా ఉంటుంది? అలాంటిదన్నమాట. ఇది డబ్బు దొంగిలించదు. కానీ మన అలవాట్లన్నీ ఒకచోట కూడబెడుతుంది. అందుకే దీన్ని ఆపేయడం మంచిది.

మరి దొంగ ఎక్కడ?

చెప్పుల స్టాండు అతను ముఖం చూడడు కదా. మీ టోకెను ఇంకొకడు కాజేస్తే మీ చెప్పులు అతనికే ఇచ్చేస్తాడు. అసలు ప్రమాదం అక్కడుంది.

మీలో చాలామంది చూసే లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ ఛానెల్ మన కెనడాదే, బ్రిటిష్ కొలంబియాలోని సర్రీ నుంచి నడుస్తుంది. 2023 మార్చిలో అక్కడి ఉద్యోగి ఒకరు ప్రకటన ఒప్పందం అనుకుని ఈమెయిలులో వచ్చిన ఫైలు తెరిచారు. అది దొంగ ప్రోగ్రాము. బ్రౌజరులో ఉన్న కుకీలను ఎత్తుకుపోయింది. దొంగలకు పాస్‌వర్డు అవసరం రాలేదు, ఫోనుకు వచ్చే కోడూ అవసరం రాలేదు. లోపల ఉన్నవాడి టోకెనే వాళ్ళ చేతిలో ఉంది! కోటిన్నర మంది చందాదారులున్న ఛానెల్‌లో కొన్ని గంటలపాటు మోసపు ప్రసారాలు నడిచాయి.

కంప్యూటర్లలో ఆరితేరినవాళ్ళకే అలా జరిగింది. కాబట్టి పిల్లలూ, నాన్నగారు బ్యాంకు పని చేసుకునే కంప్యూటరులో ఉచిత గేమనో, చీట్ కోడనో, సరదా ఎక్స్‌టెన్షననో ఏదీ అడగకుండా ఎక్కించకండి.

మూడు సూత్రాలు

1. బ్యాంకు టోకెను పుచ్చుకోండి.
2. పరాయివాడి టోకెను వద్దనండి.
3. పని కాగానే టోకెను తిరిగి ఇచ్చేయండి. అంటే లాగౌట్ బటను నొక్కండి. ఊరికే కిటికీ మూసేస్తే చాలదు.

చేసి చూద్దాం

క్రోమ్: కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్ళండి. థర్డ్ పార్టీ కుకీస్ అన్నచోట వాటిని బ్లాక్ చేయండి. గూగుల్ వీటిని తానే తీసేస్తానని 2020లో చెప్పింది కానీ తరువాత ఆ ఆలోచన మానుకుంది. కనుక ఈ పని మనమే చేసుకోవాలి.

సఫారీ: పరాయి కుకీలను 2020 నుంచి తానే ఆపుతోంది. ప్రివెంట్ క్రాస్ సైట్ ట్రాకింగ్ అన్నది ఆన్‌లోనే ఉంచండి. బ్లాక్ ఆల్ కుకీస్ అన్నది మాత్రం ముట్టుకోకండి. నేను చేసిన తప్పు అదే!

ఫైర్‌ఫాక్స్: ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో స్టాండర్డ్ అన్నది చాలు. 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే వేరుగా దాస్తోంది.

పరాయి కుకీలు ఆపాక బ్యాంకులో ఏదైనా పేజీ తెరుచుకోకపోతే, ఆ బ్యాంకు చిరునామా ఒక్కదానికి అనుమతి ఇవ్వండి. ఒక్క గది కోసం ఇల్లంతా తాళాలు తీయక్కరలేదు.

సైటు తెరవగానే కుకీలకు ఒప్పుకుంటారా అని అడిగితే, అవసరమైనవి మాత్రమే అన్న బటను ఉంటే దాన్ని నొక్కండి. కెనడాలో 2000లో వచ్చిన పిపెడా చట్టం ప్రకారం, మన వివరాలు సేకరించే వ్యాపార సంస్థలు మన సమ్మతి తీసుకోవాలి. అడిగినప్పుడు చదివి జవాబు చెప్పడం మన వంతు.

లైబ్రరీలో జాగ్రత్త

యంగ్ స్ట్రీట్ మీది నార్త్ యార్క్ సెంట్రల్ లైబ్రరీలో అందరూ వాడుకునే కంప్యూటర్లున్నాయి. హోంవర్కుకు చాలా బాగుంటాయి. బ్యాంకు పని మాత్రం ఇంటి దగ్గరే చేసుకోవడం మేలు. తప్పనిసరైతే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. రిమెంబర్ మీ అన్నచోట టిక్కు పెట్టకండి. లాగౌట్ చేసి, కిటికీలన్నీ మూసి లేవండి. ఇన్‌కాగ్నిటో కుకీలను చివర్లో తుడిచేస్తుంది, అంతే. కంప్యూటరులో దొంగ ప్రోగ్రాము ఉంటే దాన్ని ఆపలేదు.

పెద్దలకు రెండు మాటలు

కుకీ ఏ చిరునామాదో ఆ చిరునామాకే చెల్లుతుంది. భారత రిజర్వు బ్యాంకు 2025లో ఒక ఆదేశం ఇచ్చింది. అక్కడి బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారాలన్నది దాని సారాంశం. చిరునామా మారితే మీ కంప్యూటరు బ్యాంకుకు కొత్తగా కనిపించవచ్చు, మీరిచ్చిన అనుమతి మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు. కంగారు పడకండి. కానీ చిరునామా చివర ఏముందో చూసుకోండి. ఈమెయిలులో వచ్చిన లింకు నొక్కి బ్యాంకుకు వెళ్ళకండి. దొంగ సైటులో మనమే పాస్‌వర్డు కొడితే ఏ కుకీ సెట్టింగూ కాపాడదు.

మోసం జరిగిందనిపిస్తే ముందు కార్డు వెనకనున్న నంబరుకు ఫోను చేసి బ్యాంకుకు చెప్పండి. తరువాత కెనడియన్ యాంటీ ఫ్రాడ్ సెంటర్‌కు 1-888-495-8501 నంబరులో తెలియజేయండి. సిగ్గుపడి దాచుకోవద్దు.

ప్రశ్నలు

1. అన్ని కుకీలనూ ఆపేస్తే బ్యాంకు సైటు ఎందుకు తెరుచుకోలేదు?
2. సొంత కుకీకి, పరాయి కుకీకి తేడా ఏమిటి? తిరునాళ్ళ ఉదాహరణతో చెప్పండి.
3. పాస్‌వర్డు తెలియకుండానే దొంగ లోపలికి ఎలా రాగలడు?
4. ఖాళీ పూరించండి: పని కాగానే ______ బటను నొక్కాలి.

ఇంటిపని

ఈ వారం అమ్మ దగ్గరో, నాన్న దగ్గరో, తాతయ్య దగ్గరో కూర్చుని వాళ్ళ బ్రౌజరులో పరాయి కుకీలు ఆగి ఉన్నాయో లేదో చూడండి. పాస్‌వర్డు కొట్టేటప్పుడు మాత్రం మీరు తల పక్కకు తిప్పుకోవాలి సుమా! తరువాత మీరు చేసినదంతా అయిదు వాక్యాల్లో తెలుగులో రాసి తీసుకురండి. ఎవరికైనా సెట్టింగు దొరక్కపోతే వచ్చే శనివారం క్లాసులో అందరం కలిసి వెతుకుదాం.