డ్రై క్లీనింగ్‌కి ఇచ్చే ముందు...

మాది చెన్నేకొత్తపల్లి. మా వైపు పట్టుచీర అంటే ధర్మవరం చీరే, ఇంకో పేరు ఎవరూ చెప్పరు. ట్రెడిషనల్ డే వస్తోంది కాబట్టి హాస్టల్లో చాలామంది అమ్మ చీరలు తెచ్చుకుంటారు. మధ్యాహ్నం అరిటాకు భోజనం కూడా ఉంది. అంటే ఎవరో ఒకరి కొంగు మీద సాంబారు పడటం ఖాయం! డ్రై క్లీనింగ్‌కి ఇస్తే పోతుందిలే అనుకుంటాం కానీ, షాపుకి చేరేలోపు మనం చేసే పనుల మీదే సగం ఆధారపడి ఉంటుంది.

మరక పడగానే రుద్దొద్దు. తెల్లటి పొడి గుడ్డతో మెల్లగా అద్దండి, అంతే. పట్టుదారం చాలా సన్నం, రుద్దితే నూగు లేచి మెరుపు పోతుంది. మరక పోయినా ఆ తెల్లమచ్చ పోదు. నూనె పడితే కొంచెం టాల్కం పౌడర్ చల్లి, కాసేపయ్యాక దులిపేయండి. నీళ్లు కొడితే ఆరాక చుట్టూ గీత పడొచ్చు.

సబ్బు అసలే వద్దు. ఎర్రనీళ్లతో దిష్టి తీయడం చూశారు కదా? పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. సబ్బులో ఉన్న క్షారం కూడా అదే పని చేస్తుంది, సాంబారు మరక పసుపు నుంచి ఎరుపుకి మారుతుంది. పైగా పట్టు అంటే ప్రోటీన్, క్షారం దాన్ని దెబ్బతీస్తుంది. బ్లీచ్ అయితే ఏకంగా కరిగించేస్తుంది.

డ్రై క్లీనింగ్ అంటే పొడిగా ఉతకడం కాదు. నీళ్ల బదులు పెర్‌క్లోరోఇథిలీన్ లాంటి ద్రావకమో, పెట్రోలియం ద్రావకమో వాడతారు. వాటిలో నూనె, గ్రీజు తేలిగ్గా కరుగుతాయి. కాఫీ, చెమట, కూల్‌డ్రింక్ మాత్రం కరగవు. ఆ మరకల్ని మనిషి విడిగా, చేత్తో తీయాలి. ఏం పడిందో తెలియకపోతే ఆయన ఊహించాల్సిందే. కూల్‌డ్రింక్ మరీ మోసం. ఆరిపోతే కనబడదు, ఇస్త్రీ వేడి తగలగానే అందులోని చక్కెర గోధుమరంగు మచ్చగా తేలుతుంది. అందుకే చీర ఇచ్చేదాకా ఇస్త్రీ చేయకండి.

మనం బగ్ రిపోర్ట్ రాస్తాం కదా, "పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే సీనియర్లు ఎలా తిడతారో తెలుసు. ఇక్కడా అంతే. ఏం పడింది, ఎప్పుడు పడింది, మీరు దాని మీద ఏం వేశారు? ఈ మూడూ చెప్పండి. మూడోది చెప్పడానికే అందరికీ మొహమాటం, కానీ షాపాయనకి అదే ఎక్కువ అవసరం. మరక పడిన వెంటనే ఫోటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. కొంగుకి పెట్టిన పిన్నులు తీసేయండి. జరీ ఎక్కడైనా లేచి ఉంటే ముందే చూపించి రసీదు మీద రాయించుకోండి.

చీర తిరిగొచ్చాక ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, నీడలో గాలికి ఆరేయండి. వాసన పూర్తిగా పోయాక పాత కాటన్ గుడ్డలో చుట్టి అమ్మకి ఇచ్చేయండి.