పాలపన్నుకు డ్రిల్లు తప్పదా?

మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా నెల్లూరు తీరంలో చీకటి ఉండగానే మేలుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. పడవ ఒడ్డుకు చేరే వేళకు తల్లి గంపతో అక్కడ ఉండాలి. పసిబిడ్డ అమ్మమ్మ పక్కన, నోట్లో పాలసీసాతో నిద్రపోతుంటుంది. ఈ నెల ప్రశ్నలన్నీ పిల్లల పళ్ల మీదే. అన్నింటి వెనకా ఉన్నది ఒకటే భయం: సూది, డ్రిల్లు, బిడ్డ ఏడుపు.

ప్రశ్న: మూడేళ్ల మనవరాలి పై ముందు పళ్లు నాలుగూ గోధుమరంగుకు తిరిగి విరుగుతున్నాయి. పురుగు పట్టిందని ఇరుగుపొరుగు అంటున్నారు. ఎలాగూ ఊడే పాలపళ్లే కదా, వదిలేయొచ్చా?

జవాబు: పన్నులో పురుగు ఉండదమ్మా. నోట్లో ఉండే సూక్ష్మక్రిములు చక్కెరను తిని ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం పన్నును కరిగిస్తుంది. పురుగు తీస్తామని వచ్చేవాళ్లు చూపించేది వాళ్లు వెంట తెచ్చుకున్నదే. వాళ్ల చేతికి బిడ్డ నోరు అప్పగించొద్దు.

పై ముందు పళ్లే మొదట పాడవడానికి కారణం ఉంది. బిడ్డ సీసా చీకుతున్నంతసేపూ నాలుక కింది పళ్లను కప్పేసి ఉంటుంది. పై పళ్లకు ఆ అండ లేదు. పైగా నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి తీపి పాలు వాటి మీద గంటల తరబడి నిలిచిపోతాయి. పాలపన్ను పైపొర శాశ్వత పన్నుకన్నా పలచన. అందుకే పుచ్చు లోపలికి త్వరగా దిగుతుంది.

ఇక వదిలేయడం సంగతి. పాలపళ్లు 20. ముందువి ఆరేడేళ్లకు ఊడినా, వెనక దవడ పళ్లు 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కింద నుంచి వచ్చే పళ్లు వంకరగా వస్తాయి. అంతకన్నా ముందే కనిపించే నష్టం ఇంకోటుంది. పన్ను నొప్పి ఉన్న పిల్ల సరిగా తినదు, సరిగా నిద్రపోదు, చెప్పడం తెలియక చిరాకు పడుతుంది. పెద్దవాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు.

నెలకోసారి పై పెదవి ఎత్తి చూడాలి. చిగురును ఆనుకుని సుద్దలాంటి తెల్లటి గీత కనిపిస్తే అదే పుచ్చుకు తొలి మెట్టు. ఆ దశలో ఫ్లోరైడ్ పూత, శుభ్రమైన తోముడుతో పన్ను మళ్లీ గట్టిపడుతుంది. డ్రిల్లు మాటే రాదు.

ప్రశ్న: నాలుగేళ్ల బాబు డాక్టరు కుర్చీ చూస్తేనే ఏడుస్తాడు. మందు పూసి పుచ్చు ఆపుతారని విన్న తల్లిదండ్రులు, పన్ను నల్లబడుతుందని వెనకాడుతున్నారు. ఆ మందు మంచిదేనా?

జవాబు: మంచిదే. దాని పేరు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. పన్ను మీది పాచి తుడిచి, దూదితో ఆరబెట్టి, పెదవులకు వాజిలిన్ రాసి, చిన్న బ్రష్‌తో ఆ మందును పుచ్చులో అద్దుతారు. ఒక నిమిషం ఆగితే చాలు. సూది లేదు, చప్పుడు లేదు. నోట్లో కాసేపు లోహం రుచి ఉంటుంది, అంతే. అందులోని వెండి క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన పన్నును గట్టిపరుస్తుంది. ఆరు నెలలకోసారి పూస్తే పుచ్చు ఆగే అవకాశం పెరుగుతుంది. ప్రతి పుచ్చూ ఆగుతుందని మాత్రం మాట ఇవ్వలేం. కాబట్టి మళ్లీ చూపించడం మానకూడదు.

జపాన్‌లో ఈ మందు 1970 ప్రాంతం నుంచీ వాడుకలో ఉంది. అమెరికా 2014లో అనుమతించింది, అదీ పళ్లు జివ్వుమనడాన్ని తగ్గించే మందుగా. పుచ్చుకు వాడటం అక్కడి దంతవైద్యుల చేతుల్లో ఆ తర్వాత పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

నలుపు నిజమే. పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది, గట్టిగా ఉన్న పన్ను రంగు మారదు. చర్మం మీద పడ్డ మరక వారం, పది రోజుల్లో పోతుంది, బట్టల మీద పడితే పోదు. వెనక పళ్లలో ఆ నలుపు ఎవరికీ కనిపించదు. ముందు పళ్లలో ఇబ్బంది అనిపిస్తే, పుచ్చు ఆగాక దాని మీద పంటి రంగు సిమెంటు వేయించుకోవచ్చు. నాలుగేళ్ల బిడ్డను నలుగురు పట్టుకుని డ్రిల్లు పెట్టించడం ఒక వైపు, నల్లమచ్చతో నవ్వే బిడ్డ ఒక వైపు. ఈ రెంటిలో రెండోదాన్ని ఎంచుకోవడానికి తల్లిదండ్రులు సిగ్గుపడాల్సిన పని లేదు. కుర్చీలో పుట్టిన భయం పెద్దయ్యాక కూడా మనిషిని దంతవైద్యుడికి దూరంగా ఉంచుతుంది.

వెండి పడనివాళ్లకు ఈ మందు వాడరు. దీన్ని పాత వెండి సిమెంటుతో కలగాపులగం చేసుకోవద్దు. అందులో పాదరసం ఉంటుంది, ఇందులో లేదు.

ప్రశ్న: ఉదయగిరి వైపు పుట్టింట్లో అందరి పళ్లకూ ఫ్లోరైడ్ మరకలే. అలాంటి తల్లి తన బిడ్డకు ఫ్లోరైడ్ మందు ఎలా పూయిస్తుంది?

జవాబు: అడగాల్సిన ప్రశ్నే. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు గురించి తొలి వైద్య నివేదికలు వచ్చింది నెల్లూరు జిల్లా నుంచే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ జబ్బు గురించి రాశారు. ఫ్లోరైడ్ బాధ ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరులోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లాయి. తీరానికి ఉప్పు నీటి బాధ ఉన్నట్టే మెట్టకు ఫ్లోరైడ్ బాధ ఉంది.

కానీ ఆ హాని ఏళ్ల తరబడి రోజూ తాగిన నీటితో వచ్చింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పంటి మీద పూసే మందు ఏడాదికి రెండుసార్లు, అదీ చుక్క మాత్రమే. దానితో పళ్లకు ఆ ఫ్లోరైడ్ మరకలు రావు. జాగ్రత్త పడాల్సింది పేస్టు మింగే దగ్గర. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లో అయితే ఏ పేస్టు, ఎంత అన్నది డాక్టరును అడిగి వాడాలి.

ప్రశ్న: దవడ పన్నుకు పెద్ద గుంత పడింది. అన్నం ఇరుక్కుంటోంది కానీ నొప్పి లేదు. డ్రిల్లు లేకుండా పూడ్చే దారి ఉందా?

జవాబు: రెండు దారులున్నాయి. మొదటిది, చేతి పనిముట్లతో మెత్తటి పుచ్చును గీకి తీసి గ్లాస్ అయనమర్ సిమెంటు నింపడం. 1980ల నడుమ టాంజానియాలో, కరెంటు లేని ఊళ్ల కోసం యో ఫ్రెంకెన్ అనే దంతవైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ముందుకు తెచ్చింది.

రెండోది పాత పద్ధతులు అలవాటైనవాళ్లకు మింగుడుపడదు. పుచ్చును తీయకుండానే, దాని మీద స్టీలు తొడుగును సిమెంటుతో బిగించేస్తారు. తిండి అందని క్రిములు లోపలే చతికిలపడతాయి. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు ఏళ్ల తరబడి ఇలా చేశారు, అందుకే దీన్ని హాల్ పద్ధతి అంటారు. అక్కడే 132 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో రెండేళ్ల తర్వాత చూస్తే, నొప్పి, చీము లాంటి పెద్ద ఇబ్బందులు మామూలుగా పూడ్చిన పళ్లలో 15 శాతం, తొడుగు వేసినవాటిలో 2 శాతం. మొదటి కొన్నాళ్లు కొరుకు ఎత్తుగా అనిపిస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. పన్ను ఊడినప్పుడు తొడుగు కూడా దానితోనే వచ్చేస్తుంది.

ప్రశ్న: ఈ సున్నితమైన వైద్యం ఎప్పుడు సరిపోదు?

జవాబు: రాత్రి నిద్రలేపేంత నొప్పి, చిగురు మీద చీము పొక్కు, బుగ్గ వాపు. వీటిలో ఏది కనిపించినా పుచ్చు పన్ను ప్రాణానికి తగిలినట్టే. పూత మందు పనికిరాదు. వాపుతో పాటు జ్వరం ఉంటే ఆ రోజే చూపించాలి. లవంగ నూనె పెట్టి ఎదురుచూడొద్దు.

ప్రశ్న: ఎక్కడ చూపించాలి? సీసా ఎలా మాన్పించాలి?

జవాబు: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వస్తాయి. చూడాల్సిన వాటిలో పళ్ల జబ్బులూ ఉన్నాయి. ఆ రోజు బిడ్డను పంపి, నోరు కూడా చూడమని అడగాలి. నెల్లూరు చింతారెడ్డిపాళెంలోని నారాయణ దంత వైద్య కళాశాల లాంటి చోట్ల పిల్లల పళ్లకు ప్రత్యేక విభాగం ఉంటుంది.

సీసాను ఒక్కసారే లాక్కుంటే ఇల్లంతా మేలుకుంటుంది. వారం వారం పాలలో చక్కెర తగ్గిస్తూ, ఆపైన పాలకు నీళ్లు కలుపుతూ, చివరికి ఉత్త నీళ్లే ఇవ్వాలి. పాలు పడుకునే ముందు గ్లాసుతో తాగించి, ఆ తర్వాత పళ్లు తోమాలి. తెల్లవారుజామున తల్లి రేవుకు వెళ్లే ఇంట్లో ఈ పని అమ్మమ్మ చేతిమీదే నడవాలి. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి.